పొగగూటికి అస్తరు

12 నవంబరు 1989, ఆదివారం
భవాని పేట్, షోలాపూర్

బాపూ,

బాగున్నావా అని అడగడం అలవాటైపోయింది... అడిగేశాను, ఏమీ అనుకోకు. నువ్వు పోయి పద్నాలుగు నెలలైంది.

ఈ రోజు మొదటి వింత పొద్దున్నే ఎదురైంది. పళ్ళపొడి అరచేతిలో వేసుకొని పెరట్లోకి వచ్చి తలెత్తితే, మన మిద్దె మీద రాజేశం మామ! ధోవతి పైకి చెక్కుకొని, భుజాన ఒక పొడుగాటి వెదురు బొంగు పెట్టుకొని, మన పొగగూటి చుట్టూ తిరుగుతున్నాడు. పక్కన తన మిద్దె మీద కాదు బాపూ, మన మిద్దె మీద. ఆ తెల్లనూలు పంచాయితీ అయినప్పటి నుంచి ఆయన మన గడప దాటింది ఒక్కసారే... నిన్ను తీసుకుపోయిన రోజు.

"ఏం జూస్తున్నవ్ పిల్లా? మీ అన్నను లేపు. రంపం పట్టుకొని ఎక్కకముందే లేపు," అన్నాడు పైనుంచి.

రంపం సంగతి నీకు అర్థం కావాలంటే మొదటి నుంచి చెప్పాలి. నీకిప్పుడు వినే తీరిక ఉంటుంది కదా... ఉంటుందా?

వానలకు ముందు అన్న ఒక ఇనుప పొయ్యి చేయించాడు. పెట్టెలా ఉంటుంది. ముందు చిన్న తలుపు, కింద బూడిద అర, పైన రెండు గిన్నెలు పట్టే చోటు, వెనక పొగ పోవడానికి గుండ్రటి నోరు. నువ్వు నూలుకు రంగులు వేసే గంగాళం ఎక్కించే పెద్ద పొయ్యి ఉంది చూడు, దాని కడుపులోకి ఈ పెట్టెను నెట్టి కూర్చోబెట్టాడు. గ్యాసుకు పేరు రాయించాం కానీ వంతు ఎప్పుడొస్తుందో తెలియదు. కట్టెకు మాత్రం కొదవ లేదు. పేటలో ఇంటింటా చేతిమగ్గాలు విప్పి అమ్ముతున్నారు. అన్న పనిచేసే కుంఠా నాకా కార్ఖానాలో కరెంటుతో నడిచే సాంచాలు పెరుగుతుంటే, ఇక్కడ మగ్గాల కట్టె పొయ్యిల పాలవుతోంది. చూస్తే నీకు బాధగానే ఉండేది.

"అవ్వా, ఇగ నీకు ఊదుడు బంద్," అన్నాడు అన్న, కన్నతల్లికి బంగారం తెచ్చి ఇచ్చినంత సంబరంగా.

ఊదడం నిజంగానే ఆగింది. దగ్గు మాత్రం పెరిగింది.

ఎందుకో తెలుసుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. మన పొగగూడు నీ పెద్ద మంట కోసం కట్టింది. ఈ పెట్టెలోంచి వచ్చేది పిడికెడు పొగ. అంత వెడల్పాటి గూట్లో అది సగం దూరం పోయేసరికి చల్లబడి నీరసించి ఆగిపోతుంది. ఆగిన పొగ ఊరుకుంటుందా? గూడు పక్కకు తిరిగే వంపు దగ్గర గోడకు పడిన పగుళ్ళలోంచి నడింట్లోకి దిగుతుంది. అక్కడే అవ్వ చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుడుతూ ఉంటుంది. తంబాకు ఘాటు చాలదన్నట్టు పైనుంచి పొగ...

దసరాకు ముందు డాక్టరు ఒక్కటే మాట చెప్పాడు. పొగ ఆపండి, లేదా ఈమెను ఇంకో ఇంట్లో ఉంచండి. మరునాడే విడీ ఘర్కుల్ నుంచి చిన్నమ్మ వచ్చింది. "అక్కా, నీ ఇంటి పొగ సల్లగుండ, నువ్వు మా ఇంటికి నడువ్," అని చేయి పట్టుకొని తీసుకుపోయింది. చిన్నమ్మకు ఆ బీడీ కార్మికుల కాలనీలో ఇల్లు వచ్చింది, గ్యాసు కూడా వచ్చింది. చుట్టూ అందరూ బీడీలు చుట్టే ఆడవాళ్ళే, అందరిదీ మన తెలుగే. పొద్దంతా అరుగుల మీద ముచ్చట్లు.

అవ్వ కూడా పోయేటప్పుడు గట్టిగానే చెప్పింది. "ఇంట్ల పొగ బందయిన్నాడు వస్త. అప్పటిదాంక నన్ను పిలువకుండ్రి."

నాకు భయం వేసింది అందుకు కాదు బాపూ. ప్రతి ఆదివారం నేను చూడడానికి పోతాను కదా, పోయిన ప్రతిసారీ అవ్వ ఇంట్లోంచి ఒక వస్తువు తెమ్మనడం మొదలుపెట్టింది. మొదట సన్న దుప్పటి. తర్వాత తమలపాకుల డబ్బా. ఆ తర్వాత బీడీ ఆకు కత్తిరించే కత్తెర... ఒక మనిషి ఇల్లు మారేది ఇలాగేనా? ఒక్కసారిగా కాకుండా, ఒక్కొక్క వస్తువుగా?

అందుకే ఈ పని నేను నెత్తిన వేసుకున్నాను.

అన్న అయితే గూడు మొత్తం కూలగొట్టి, సిమెంటు గొట్టం నిటారుగా నిలబెడదాం అన్నాడు. మేస్త్రీని కూడా పిలిచాడు. మేస్త్రీ గోడను సుత్తితో తట్టి చూసి, వంపును ఆనుకొనే దూలం ఉంది, ముట్టుకుంటే పైగది నడుము విరుగుతుంది అన్నాడు. అప్పుడే పక్క మిద్దె మీద తెల్లనూలు చిలుపలు ఆరేస్తున్న రాజేశం మామ ఇదంతా విన్నాడు. వినకుండా ఉంటాడా? గూడు నిటారుగా లేస్తే ఆ మసి మళ్ళీ ఆయన నూలు మీదే కదా పడేది.

"మీ బాపు బతికున్నప్పుడు నా నూలు నల్లగ జేసిండు. పోయినంక పెండ్లాన్ని ఇంట్లకెళ్ళి ఎల్లగొట్టిండు. ఇగ ఎవలు మిగిలిన్రు?" అని అరిచాడు.

నాకు కోపం వచ్చింది. గదిలోకి వచ్చాక నవ్వు కూడా వచ్చింది. నువ్వుంటే ఏమనేవాడివి?

ఆ పంచాయితీ రోజున నేను బడికి పోయే పిల్లని. నీ గంగాళం పొయ్యి మసి ఆయన నూలు మీద చుక్కలు చుక్కలుగా రాలింది. గల్లీ అంతా పోగైంది. మరునాడు నువ్వే పలుగు పట్టి, గూడు పైభాగం విప్పి, దూలానికి తగలకుండా పక్కకు వంచి వీధి వైపుకు తిప్పి కట్టావు. ఇటుకలు అందిస్తూ నేను అడిగాను, ఇంత వంకరగా ఉంటే పొగ ఎట్లా పోతుంది అని. "పొగకేం తొందర బిడ్డా, సుట్టు తిరిగి పోతది," అన్నావు.

తిరిగే పోవాలి. కానీ పగుళ్ళలోంచి కారకుండా పోవాలి. ఎట్లా?

ఈ మధ్య నాకు మాటల పిచ్చి పట్టింది బాపూ. కొత్త మాట దొరికితే రోజంతా నోట్లో వేసుకొని చప్పరిస్తూ తిరుగుతున్నాను. కాలేజీ లైబ్రరీలో ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది, చలిదేశాల్లో ఇళ్ళు వెచ్చబెట్టుకునే పొయ్యిల గురించి. పక్కన డిక్షనరీ పెట్టుకొని చదివాను. పాత పొగగూట్లోకి ఇనుప పెట్టె పొయ్యి దూర్చినప్పుడు గూటి లోపల, పొయ్యి నోటి నుంచి కొస దాకా, వంగే స్టీలు గొట్టం దించాలట. దాన్ని లైనర్ అంటారట. డిక్షనరీలో ఆ మాటకు ఒక అర్థం కోటు లోపల వేసే గుడ్డ. అంటే... అస్తరు! చౌరస్తా దర్జీ రోజూ అనే మాట. ఆ సాయంత్రం ఇంటికి ఎగురుకుంటూ వచ్చాను. కోటు విప్పక్కర లేదు, అస్తరు వేస్తే చాలు. నీ గోడ నీ గోడలాగే ఉంటుంది.

మాట దొరికింది, వస్తువు దొరకాలి కదా. అన్న ముందుగా నూలుకు గంజి పట్టించే సైజింగ్ కార్ఖానా నుంచి, గాలి తోడే పాత గొట్టం ఒకటి తెచ్చాడు. కాన్వాసు గుడ్డ, లోపల తీగ చుట్ట. ఎంత వంచితే అంత వంగింది. "ఇగో నీ అస్తరు," అన్నాడు గొప్పగా. నేను పొయ్యిలోంచి ఒక నిప్పు తీసి దాని మీద పెట్టాను. రూపాయి బిళ్ళంత చిల్లు పడి కాలిన గుడ్డ కంపు ఇల్లంతా నిండింది. అవ్వ లేదు కాబట్టి సరిపోయింది, ఉంటే నా వీపు మోగేది.

తర్వాత ఇద్దరం మిల్లు సామాను అమ్మే దుకాణానికి పోయాం. సేటు నన్ను కిందికీ మీదికీ చూసి, "కాలేజ్ చేసేటోల్లకు చిమ్నీ పైపుతోని ఏం కామ్?" అన్నాడు. అయినా చూపించాడు. జింకు రేకుతో చేసింది ఉంది కానీ అది వంగదు, మలుపు మలుపుకూ అతుకు వేయాలి. గోడ లోపలి అతుకు ఊడితే ఎవరికి తెలుస్తుంది? వెండి కాగితంలాంటి పలుచటి గొట్టం ఉంది, చీర మడతలా ముడుచుకుంటుంది. మామూలు ఇనుప పట్టీ చుట్టి చేసింది ఉంది. ముడతలు ముడతలుగా ఉండే స్టీలుది ఉంది, లోపల చేయి పెడితే నున్నగా ఉంది.

నూలు వ్యాపారి దగ్గర నువ్వు చేసే పని గుర్తొచ్చింది. "పట్టి సూడాలె, వంచి సూడాలె, తడిపి సూడాలె. ధర అటెన్క అడుగాలె." సేటును బతిమాలి ఒక్కొక్కదాని ముక్క తెచ్చుకున్నాను. పట్టి చూశాను, వంచి చూశాను. తడపడానికి మాత్రం ఒట్టి నీళ్ళు చాలవనిపించింది, పొగగూట్లో ఉండేది మసి కదా. మన గూటి మసినే గీకి, నీళ్ళు కలిపి, డాల్డా డబ్బాలో పోసి, ముక్కలన్నీ అందులో ముంచి పెట్టాను. కాలేజీ నుంచి రాగానే పుస్తకాలు ఇంకా చేతిలో ఉండగానే డబ్బా మూత తీసేదాన్ని. ఇనుము ఎర్రబడింది. జింకు మీద తెల్లటి పొక్కు లేచింది. వెండి కాగితంలాంటిది పైకి బాగానే ఉంది కానీ తీగ బ్రష్షుతో రుద్దితే చిరిగి చేతికి వచ్చింది. ఏటేటా బ్రష్షు దించి గొట్టం తోమాలి, అది ఎట్లా తట్టుకుంటుంది? స్టీలు ముక్కను కడిగితే నా ముఖం కనపడింది.

అదే కావాలన్నాం. సేటు దగ్గర ఉన్నది సన్నది. మన పొయ్యి నోటికి సరిపోయేది పుణె నుంచి రావాలట.

"సన్నదే తీస్కుందాం. మూతికి గరాటు లెక్క కుప్పె పెడితె అయిపాయె. అవ్వ జల్ది వస్తది," అన్నాడు అన్న. ఆ మాటకు నా మనసు కూడా కొట్టుకులాడింది. కానీ పొయ్యి నోరు ఎంతుంటే గొట్టం అంత ఉండాలి. తలుపు సన్నగా ఉంటే జాతర లోపలే ఆగిపోతుంది, పొగ కూడా అంతే. ఆగుదాం అన్నాను. ఆగాం. ఆ ఆగిన రోజుల్లోనే అవ్వ కత్తెర తెమ్మంది. తీసుకుపోయి చేతికిచ్చాను... ఇస్తుంటే, సన్నది తీసుకుని ఉంటే ఏమయ్యేది అనిపించింది. తప్పు చేశానా?

ఇక మేం చేసిన అసలు ఘనకార్యం విను. కొలత.

అన్న మిద్దె ఎక్కి, తాడుకు బరువు కట్టి గూట్లోకి వదిలాడు. వంపు దగ్గర ఆగితే నేను కింద నుంచి దోటితో అందుకొని లాగాను. అన్న పైన గుర్తు పెట్టాడు. పెట్టి, ఎవరికీ చెప్పకుండా, కోతకు కాస్త కలిపాడు. మనింట్లో అలవాటు కదా... మగ్గం మీద బిగించిన బట్ట దించి ఉతికితే ముడుచుకుంటుంది, అందుకని కోత పేరుతో ఎప్పుడూ కాస్త ఎక్కువే చెబుతాం. ఆ తాడు పట్టుకొని అవ్వకు చూపించడానికి పోయాను. అవ్వ చేతిలో బీడీ ఆపకుండానే అడిగింది, "కోత కలిపిన్రా?" అన్న కలిపాడని నాకు తెలియదు. తెలియదంటే అవ్వే ఇంకో మూర కలిపించింది. సేటుకు చెప్పేటప్పుడు, ఎందుకైనా మంచిదని నేనూ కాస్త కలిపాను. నేతగాళ్ళ బుద్ధి ఎక్కడికి పోతుంది?

గొట్టం వచ్చింది. మొన్న శుక్రవారం దించాం. దాని మీద బాణం గుర్తు ఉంది, అది పైకే చూడాలి. చద్దరుకు ముందూ వెనకా ఉన్నట్టే దీనికీ ఒక దిక్కుంది. అన్న పై నుంచి వదులుతుంటే నేను కింద దాని ముక్కుకు కట్టిన తాడు లాగాను. వంపు దగ్గర ఇరుక్కుంది. లాగాను. ఇంకా లాగాను. చేతులు మండాయి. అన్న పైన తిట్లు మొదలుపెట్టాడు.

అప్పుడు పక్క మిద్దె మీది నుంచి కేక వినబడింది. "లాగకుండ్రి! నూలు కండె ఇరికితె లాగుతమా? తిప్పుండ్రి!"

అన్న తిప్పాడు. సర్రుమని దిగింది. నా ఒళ్ళంతా మసి, నోట్లో మసి... కానీ పొయ్యి నోటికి గొట్టం నోరు తొడిగితే గాజులా సరిపోయింది. గూటి నోటికి రేకు పలక బిగించాం, పొగ గొట్టంలోంచి తప్ప ఇంకెటూ పోకుండా. పైన కూడా గొట్టం చుట్టూ మూసేశాం. గోడకూ గొట్టానికీ మధ్య మిగిలిన గాలే దానికి దుప్పటి.

తీరా మిద్దె ఎక్కి చూస్తే, గొట్టం మన గూడు దాటి మనిషెత్తు పైకి లేచి, గాలికి అటూ ఇటూ ఊగుతోంది! ముగ్గురం కలిపిన కోత అంతా అక్కడ నిలబడి ఉంది. పైగా ఇది బట్టలా ముడుచుకోదు బాపూ, లాగినకొద్దీ ముడతలు విప్పుకొని పెరుగుతుంది.

రాజేశం మామ తన మిద్దె మీద కడుపు పట్టుకొని నవ్వాడు. "ఇనుమును ఉతికితె ముడుసుకపోతదనుకున్నరా? మీరు పద్మశాలోల్లు గాదు, పిచ్చిశాలోల్లు!" తను మాత్రం ఎవరో!

అన్నకు సిగ్గు, కోపం. ఆదివారం తీరిక దొరకగానే రంపం పెట్టి కోసేస్తానన్నాడు. అదీ రంపం కథ.

ఇక ఈ రోజు పొద్దున్నకు వస్తాను. అన్నను లేపాను. కళ్ళు నులుముకుంటూ, చేతిలో రంపంతో మిద్దె ఎక్కాడు. రాజేశం మామ అప్పటికే నూలు ఆరేసే వెదురు బొంగును పొగగూటికి ఆనించి, మన గొట్టాన్ని దానికి పేనిన తాడుతో కట్టేస్తున్నాడు.

"మామా, నేను కోసేద్దామనుకుంటున్న," అన్నాడు అన్న.

"కోస్తవ్. కోసి కిందికి తెస్తవ్, పొగ మల్ల నా నూలు మీదికి ఒంగుతది. పొడుగుండని. పొడుగుంటె పొగ జోర్‌గ గుంజుతది, మీ ఇంట్ల ఆగదు. నా నూలు మీదికెళ్ళే పోతది గని, నూలు మీద పడదు. నీ లాభం, నా లాభం. ఆ తాడు పట్టు."

అన్న రంపం కింద పెట్టి తాడు పట్టాడు. ఇద్దరూ కలిసి ముడులు వేశారు. కొసకు రేకు టోపీ కూడా పెట్టారు, వానకు. చివరి ముడి వేస్తూ రాజేశం మామ, "మీ బాపు ఉంటె, నా మిద్దె ఎందుకెక్కినవ్రా అని ఇయ్యాల పంచాయితీ పెట్టేటోడు," అన్నాడు. మేం నవ్వాం. ఆయన నవ్వలేదు. అయిపోయిన ముడి మీదే ఇంకో ముడి వేశాడు.

నిజంగా పంచాయితీ పెట్టేవాడివా?

తర్వాత పరీక్ష. పొయ్యిలో తడి నూలు చెత్త, రెండు కట్టె చీలికలు పెట్టి అంటించాను. అంత పొగ ఇంకేదీ ఇవ్వదు కదా. తలుపు మూసి, నడింట్లోకి పోయి, అవ్వ కూర్చునే చోట గోడకు ఆనుకొని కూర్చున్నాను. వంపు దగ్గరి పగుళ్ళనే చూస్తూ... కళ్ళు మండుతాయేమో అని ఎదురుచూస్తూ. పగుళ్ళు పగుళ్ళలాగే ఉన్నాయి. వాటిలోంచి ఏమీ రాలేదు. కాసేపటికి పైనుంచి అరుపు.

"ఒచ్చింది! ఒచ్చింది పొగ! బిడ్డా, ఈడికొచ్చింది!"

పొగ తన వైపు వచ్చిందని రాజేశం మామ సంతోషంగా అరవడం ఈ జన్మలో వింటాననుకోలేదు.

గోడ మీద అరచేయి ఆనించి చూశాను బాపూ. వంపు దగ్గర గోరువెచ్చగా ఉంది. లోపల పొగ నువ్వు చెప్పినట్టే చుట్టు తిరిగి పోతోంది...

ఇప్పుడు మధ్యాహ్నం. అన్న మళ్ళీ నిద్రపోయాడు. నేను ఇల్లంతా దులిపాను, నడింటి గోడకు సున్నం వేశాను. ఈ ఆదివారం అవ్వ దగ్గరికి పోలేదు, రేపు వస్తానని చిన్నమ్మ పక్కింటివాళ్ళతో కబురు పంపాను. తిరుగు కబురు కూడా వచ్చింది. రేపు వచ్చేటప్పుడు చాట తెమ్మందట.

చాట... పోయిన ఆదివారమూ అడిగింది. మరిచిపోయాను అని చెప్పాను. మరిచిపోలేదు. దుప్పటి ఇచ్చాను, డబ్బా ఇచ్చాను, కత్తెర ఇచ్చాను. చాట ఇస్తే ఇంక ఈ ఇంట్లో అవ్వది ఏముంటుంది? పొద్దంతా ఆమె ఒళ్ళో ఉండేది అదే కదా. నువ్వు రంగు చేతులతో దాని అంచు పట్టుకుంటే పడిన నీలం మరక ఇంకా ఉంది. పేడతో అలికినా పోలేదు.

అక్కడ అవ్వకు ముచ్చట్లున్నాయి, తోడుంది, తెల్లటి గోడలున్నాయి. దగ్గు కూడా తగ్గింది. పొగ ఆగింది అంటే నమ్ముతుంది, అది నాకు తెలుసు. కానీ పొగ ఆగితే చాలా? వస్తుందంటావా బాపూ?

నాకు తెలియదు. నా చేతిలో ఉన్నది చేశాను.

రేపు పొద్దున నల్లా నీళ్ళకు లేచినప్పుడే అన్న పొయ్యి వెలిగిస్తాడు, మగ్గం కట్టెతో, గట్టి మంట. నేను మొదటి బస్సుకు విడీ ఘర్కుల్ పోతాను. వట్టి చేతులతో పోతాను. చాట ఏదే అని అవ్వ అడుగుతుంది. నడింట్లో నీ చోట్లో పెట్టి వచ్చాను, నువ్వే వచ్చి తీసుకో అంటాను.

నీ బిడ్డ,
భాగ్య